ప్రోగ్రాముకు కట్టిచ్చే సద్దిమూట

అమీర్‌పేట శిక్షణ గదుల్లో జావా నేర్చుకున్నవాళ్లకు మొదటి రోజు గుర్తుండే ఉంటుంది. బోర్డు మీదికి జావా కంటే ముందు ‘సెట్ పాత్’ వచ్చింది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, న్యూ, ఓకే, ఓకే, ఓకే. ఆ మెట్లన్నీ నోట్సు చివరి పేజీలో ఎక్కించుకుని, క్లాస్‌పాత్‌లో సెమీకోలన్ ముందు చుక్క మరిచిపోకూడదని కింద రెండు గీతలు గీసుకున్నాం. ఆ చుక్క ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నెల తిరక్కుండా హాస్టల్లో వేరే కంప్యూటర్ ముందు కూర్చుంటే ‘జావాసీ’ అనే కమాండే లేదని తెర చెప్పింది. నా పక్క మంచం కుర్రాడు మూడు రాత్రులు దానితో కుస్తీ పట్టి, ప్రోగ్రామింగ్ తన తలకెక్కదని తీర్మానించుకుని టెస్టింగ్ కోర్సుకు మారిపోయాడు. అతనికి జావా తలకెక్కకపోవడం కాదు, జావా దాకా అతను వెళ్లనే లేదు.

ఈ విషయం చిన్నదంటే నేను ఒప్పుకోను. పైథాన్, గో, నోడ్, రస్ట్, ఆండ్రాయిడ్ ఏది మొదలుపెట్టినా గుమ్మంలోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎదురవుతాయి. వాటి గురించి దొరికే సలహాల్లో చాలావరకు ‘ఈ ఫైల్లో ఈ లైను అతికించు’ అనే మంత్రాలే. మంత్రం ఒక కంప్యూటర్ మీద పారుతుంది, పక్కదాని మీద పారదు. వెనక ఉన్న సూత్రం మాత్రం ఒక్కటే, యాభై ఏళ్లకు దగ్గరపడుతున్నా అది మారలేదు.

పొరుగూరికి వెళ్లే బిడ్డకు తల్లి సద్ది కట్టి ఇస్తుంది. గడప దాటిన తర్వాత ఇంట్లో ఏం వండినా ఆ మూటలోకి రాదు. దారిలో బిడ్డ మూటలో ఏం కలుపుకున్నా ఇంట్లో కుండలోకి చేరదు. ఆపరేటింగ్ సిస్టంలో ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ను పుట్టించినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. ‘పేరు ఈక్వల్ టు విలువ’ అనే రూపంలో ఉన్న అక్షరాల వరుసలు కొన్ని, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, కాపీ అయి పిల్ల ప్రాసెస్ చేతికి వెళతాయి. ఆ మూటలో ఏముందో ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ పట్టించుకోదు, మోసి ఇవ్వడం వరకే దాని పని. విప్పి చూసుకోవడం, అర్థం చెప్పుకోవడం ప్రోగ్రాము ఇష్టం.

కొత్తవాళ్లను వేధించే ప్రశ్నల్లో సగానికి జవాబు ఇక్కడే ఉంది. సెట్టింగ్స్‌లో, కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ మార్చినా తెరిచి ఉన్న కమాండ్ విండోకు ఎందుకు తెలియదు? మార్పుకు ముందే పుట్టింది కాబట్టి. ఒక స్క్రిప్టులో వేరియబుల్ పెట్టి దాన్ని నడిపితే, అది ముగిశాక మనం కమాండ్లు కొట్టే షెల్‌లో ఎందుకు కనిపించదు? ఆ స్క్రిప్టు పిల్ల ప్రాసెస్‌లో నడిచింది, దాని మూట దానితోనే పోయింది. అందుకే ‘సోర్స్’ అనే కమాండు ఉంది. అది కొత్త ప్రాసెస్‌ను పుట్టించకుండా, ఫైల్లోని లైన్లను మనమే కొట్టినట్టుగా ఇప్పుడున్న షెల్‌లోనే నడుపుతుంది. ‘ఎక్స్‌పోర్ట్’ సంగతి ఇంకొకటి. బాష్ అనే షెల్‌లో ఊరికే పేరు, ఈక్వల్ టు, విలువ రాస్తే అది షెల్ సొంత సామాను. ఎక్స్‌పోర్ట్ అంటేనే మూటలోకి చేరుతుంది. ఈక్వల్ టు గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే బాష్ ఆ పేరునే కమాండు అనుకుంటుంది. విండోస్ సెట్ కమాండులో అదే ఖాళీ వదిలితే చివర ఖాళీతో సహా కొత్త పేరు పుడుతుంది. ఎంత వెతికినా కనిపించని తప్పుల్లో ఇదొకటి.

ఈ ఏర్పాటు యూనిక్స్‌తో పాటే పుట్టలేదు. 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన తొలి షెల్‌లో, కమాండును ఏయే ఫోల్డర్లలో వెతకాలో షెల్ లోపలే రాసి ఉండేది, మార్చుకోవడానికి వీల్లేదు. అక్కడే జాన్ మాషీ ప్రోగ్రామర్ల కోసం మెరుగుపరిచిన షెల్‌లో ఒక్క అక్షరం పేర్లతో వేరియబుల్స్ వచ్చాయి. వెతికే దారిని ఎవరికి వాళ్లు మార్చుకునే వెసులుబాటు అప్పుడే మొదలైంది. 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌లో, స్టీఫెన్ బోర్న్ షెల్‌తో కలిసి, ఇప్పుడు మనం వాడుతున్న రూపం స్థిరపడింది. అదే కాలంలో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ ఇదే పనికి ‘సెట్‌ఎన్వ్’ అనే వేరే మాట పెట్టుకుంది. 1983లో డాస్ 2.0 ఈ ఆలోచనను పీసీల మీదికి తెచ్చింది. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య కోలన్ ఉంటే, ఇక్కడ సెమీకోలన్ పెట్టారు. డాస్‌లో కోలన్‌ను అప్పటికే సీ డ్రైవు, డీ డ్రైవు పేర్లు తీసేసుకున్నాయి మరి. నా నోట్సులోని సెమీకోలన్ వెనక ఇంత చరిత్ర ఉందని తెలిసేసరికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సూత్రం ఇంత తేలికైనదైతే ఇంతమంది ఎందుకు చిక్కుకుంటున్నారు? నా లెక్కలో అసలు దోషి మూట కాదు, మూట కట్టే వేళ. షెల్ మొదలయ్యేటప్పుడు ఏ ఫైలు చదువుతుందన్నది ఒక చిక్కుముడి. బాష్ ‘లాగిన్ షెల్’గా మొదలైతే ముందు సిస్టం మొత్తానికి ఉన్న ప్రొఫైల్ ఫైలు చదువుతుంది. ఆ తర్వాత మన హోమ్ ఫోల్డర్లో డాట్ బాష్ ప్రొఫైల్, డాట్ బాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ అనే మూడింటిని ఈ వరుసలోనే వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. లాగిన్ కాని మామూలు విండో అయితే ఈ మూడింటినీ వదిలేసి డాట్ బాష్ ఆర్‌సీ చదువుతుంది. ఇన్నాళ్లూ డాట్ ప్రొఫైల్‌తో నడిచిన మనిషి, ఏదో ఇన్‌స్టాలర్ చెప్పిందని కొత్తగా డాట్ బాష్ ప్రొఫైల్ సృష్టిస్తే, పాత ఫైలును ఆ క్షణం నుంచి బాష్ చదవదు. ఎర్రర్ ఏదీ రాదు, పాత సెట్టింగులు మాత్రం మాయమవుతాయి.

లినక్స్ డెస్క్‌టాప్‌లో టెర్మినల్ విండో మామూలుగా లాగిన్ షెల్ కాదు, మ్యాక్‌లో ప్రతి విండో లాగిన్ షెల్లే. అందువల్ల ఒకరికి పనిచేసిన సలహా రెండోవారికి పనిచేయదు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. 2019లో మ్యాక్ క్యాటలీనాతో ఆపిల్ సంస్థ బాష్ బదులు జెడ్‌షెల్‌ను డిఫాల్ట్ షెల్‌గా పెట్టింది. దాంతో పదేళ్లుగా పోగుపడిన ‘బాష్ ప్రొఫైల్లో పెట్టు’ అనే సలహాలన్నీ కొత్త మ్యాక్‌ల మీద ఒక్కసారిగా పాతబడ్డాయి. జెడ్‌షెల్‌కు తన ఫైళ్లు వేరు: డాట్ జెడ్‌ఎస్‌హెచ్ ఎన్వ్ ఎప్పుడూ చదువుతుంది, జెడ్‌ప్రొఫైల్ లాగిన్‌కు, జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీ మనం కొట్టే విండోకు. ఎప్పుడూ చదివే ఫైల్లో పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ మ్యాక్‌లో ఆ ఫైలు తర్వాత సిస్టం సొంత ప్రొఫైలు నడిచి, పాత్‌లోని ఫోల్డర్ల వరుస మార్చి, సిస్టం ఫోల్డర్లను ముందుకు తెస్తుంది. మనం ముందు పెట్టిన పైథాన్ వెనక్కి పోతుంది. ఇలాంటివి ఎవరి తెలివితక్కువా కాదు. వేర్వేరు దశాబ్దాల్లో వేర్వేరు మనుషులు తీసుకున్న, విడివిడిగా సబబైన నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

విండోస్‌లో ఫైళ్ల గొడవ లేదు, రిజిస్ట్రీ ఉంది. సిస్టంకు ఒక జాబితా, వాడుకరికి ఒక జాబితా. చూడ్డానికి ఇదే శుభ్రంగా ఉంటుంది. అయితే ‘సెట్‌ఎక్స్’ కమాండుతో పాత్ మార్చమనే సలహా మాత్రం ప్రమాదం. అది 1024 అక్షరాల దగ్గర విలువను కోసేస్తుంది. పైగా పాత పాత్‌ను విప్పి పక్కన కొత్తది కలిపే అలవాటు వల్ల సిస్టం జాబితా మొత్తం వాడుకరి జాబితాలోకి కాపీ అయి కూర్చుంటుంది. తోక తెగిన పాత్‌తో రేపు ఏ పనిముట్టు పనిచేయదో ఎవరూ చెప్పలేరు. సెట్టింగ్స్ కిటికీలో చేత్తో చేర్చుకోవడమే మేలు.

ఇక పనిముట్ల సంగతి. జావాలో మూడు పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి తికమక పెడతాయి. పాత్ అన్నది కమాండు ఎక్కడ దొరుకుతుందో షెల్‌కు చెబుతుంది. జావా హోమ్ అన్నది మావెన్, గ్రేడిల్, టామ్‌క్యాట్ లాంటివి జేడీకే అనే జావా కిట్ ఎక్కడుందో తెలుసుకోవడానికి. క్లాస్‌పాత్ అన్నది జావా తన క్లాసులను వెతుక్కోవడానికి. మొదటి రెండూ వేర్వేరు జావాలను చూపించవచ్చు. టెర్మినల్లో వెర్షన్ అడిగితే 21 అంటుంది, మావెన్ మాత్రం పాత 8తో కట్టుకుంటూ పోతుంది. జావా హోమ్‌కు జేడీకే ఫోల్డరు ఇవ్వాల్సి ఉండగా దాని లోపలి బిన్ ఫోల్డరు ఇవ్వడం నేను చూసినంతలో అందరికంటే ఎక్కువ మంది చేసే పొరపాటు. మరి ఆ చుక్క? క్లాస్‌పాత్ ఏదీ పెట్టకపోతే జావా ఇప్పుడున్న ఫోల్డరులో తానే వెతుక్కుంటుంది. పెడితే ఆ అలవాటు మానేస్తుంది. చుక్క అంటే ‘ఇక్కడ కూడా చూడు’ అని. అంటే మేము క్లాస్‌పాత్‌ను అసలు ముట్టుకోకపోయి ఉంటే ఆ చుక్క అవసరమే ఉండేది కాదు. రెండు గీతలు గీసుకున్నది, మేమే తెచ్చుకున్న తిప్పలకు విరుగుడు కింద.

గో భాష కథ ఇంకా నేర్పుతుంది. తొలి ఏళ్లలో గోపాత్ పెట్టుకోనిదే అడుగు ముందుకు పడేది కాదు, కోడంతా ఆ ఒక్క ఫోల్డరు కిందే ఉండాలి. 2017లో వచ్చిన 1.8 వెర్షన్‌లో, పెట్టకపోతే హోమ్ ఫోల్డర్లోని ‘గో’ను తీసుకోవడం మొదలుపెట్టారు. 2018లో 1.11తో మాడ్యూల్స్ వచ్చాయి, 2021లో 1.16తో అవే మామూలు పద్ధతి అయ్యాయి. ప్రాజెక్టుకు ఏం కావాలో ప్రాజెక్టులోని ఫైలే చెబుతుంది. ఒక వేరియబుల్‌ను ఎలా పెట్టాలో ఏళ్ల తరబడి బోధించడం కంటే దాని అవసరాన్నే తీసేయడం ఎంత గొప్ప సేవో ఇది చూపించింది. రస్ట్ వాళ్లూ ఇదే దారి: ఇన్‌స్టాలర్ తన బిన్ ఫోల్డరును తానే పాత్‌లో చేర్చి ఊరుకుంటుంది. ఆండ్రాయిడ్ మాత్రం పేరు మీదే తడబడింది. ఆండ్రాయిడ్ హోమ్ అన్నారు, తర్వాత ఆండ్రాయిడ్ ఎస్‌డీకే రూట్ అన్నారు, మళ్లీ ఆండ్రాయిడ్ హోమ్‌కే వచ్చారు. ఈ మధ్యలో నేర్చుకున్నవాళ్లు రెండూ పెట్టుకుని, రెండూ వేర్వేరు చోట్లను చూపిస్తుంటే బిక్కమొహం వేశారు.

ఒకే కంప్యూటర్ మీద నాలుగు ప్రాజెక్టులు, నాలుగు వెర్షన్లు కావాల్సి వచ్చినప్పుడు వెర్షన్ మేనేజర్లు పుట్టాయి. వీటిలో రెండు తెగలున్నాయి. నోడ్ కోసం వాడే ఎన్‌వీఎం ఒక షెల్ ఫంక్షను. ఇప్పుడున్న షెల్ మూటనే మార్చాలి, ఆ పని పిల్ల ప్రాసెస్ చేయలేదు కాబట్టి అది అలా ఉండక తప్పదు. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అది లోడ్ కావాలి, ఆ ఆలస్యం కంటికి తెలుస్తుంది. పైఎన్వ్ ఇంకో దారి పట్టింది. పాత్ ముందు భాగంలో బంట్రోతుల్లాంటి చిన్న ప్రోగ్రాములను నిలబెడుతుంది. ‘పైథాన్’ అని పిలిస్తే ముందు బంట్రోతు పలికి, ఈ ఫోల్డరుకు ఏ వెర్షనో చూసి లోపలికి పంపుతాడు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో యాక్టివేట్ చేయడమంటే ప్రధానంగా పాత్ ముందు ఒక ఫోల్డరు చేర్చడమే. యాక్టివేట్ చేయకుండా ఆ ఫోల్డర్లోని పైథాన్‌ను పూర్తి చిరునామాతో పిలిచినా అది తన లైబ్రరీలనే వాడుకుంటుంది. ఇది తెలిస్తే సర్వర్ల మీద సగం తలనొప్పి తగ్గుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది డైర్ఎన్వ్. ప్రాజెక్టు ఫోల్డర్లోకి అడుగుపెట్టగానే దానికి కావాల్సినవి పెట్టి, బయటికి రాగానే తీసేస్తుంది. కొత్త ఫైలైతే మనం ఒప్పుకుంటేనే నడుపుతుంది.

‘నా టెర్మినల్లో పనిచేస్తుంది, అక్కడ చేయదు’ అనే ఫిర్యాదు వినగానే నేను అడిగేది ఒక్కటే: దాని తల్లి ఎవరు? వేళకు పనులు నడిపే క్రాన్ రాత్రి రెండింటికి నడిపే స్క్రిప్టుకు మన షెల్‌తో చుట్టరికం లేదు. దాని పాత్‌లో మామూలుగా ఉండేవి రెండే ఫోల్డర్లు. అడ్మిన్ హక్కులతో కమాండు నడిపే సుడో దాదాపు మూటంతా విప్పి పారేసి కొత్తది కడుతుంది, భద్రత కోసం అది అలా చేయాల్సిందే. మ్యాక్‌లో ఐకాన్ నొక్కి తెరిచిన ఎడిటర్ షెల్ కడుపున పుట్టలేదు కాబట్టి, జెడ్‌ఎస్‌హెచ్ ఆర్‌సీలో మనం రాసుకున్నదేదీ దానికి తనంతట తెలియదు. కొన్ని ఎడిటర్లు మొదలయ్యేటప్పుడు చాటుగా ఒక షెల్ నడిపి దాని మూటను అరువు తెచ్చుకుంటున్నాయి.

నమ్మకంతో మూట అందుకునేవాళ్లున్న చోట విషం కలిపేవాళ్లూ ఉంటారు. 2014 సెప్టెంబరులో బయటపడ్డ షెల్‌షాక్ అనే లోపం అలాంటిదే. బాష్ ఫంక్షన్లను కూడా ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి పిల్లలకు పంపే వీలుండేది. ఆ ఫంక్షను చివర తగిలించిన కమాండ్లను సైతం బాష్ నోరెత్తకుండా నడిపేసేది. పాతకాలం వెబ్ సర్వర్లు, బయటివాళ్లు పంపిన హెడర్లను వేరియబుల్స్‌గా మార్చి స్క్రిప్టులకు ఇస్తాయి. అంటే ముక్కూమొహం తెలియని మనిషి మన మూటలో ఏదైనా పెట్టగలడు. స్టెఫాన్ షాజెలాస్ కనిపెట్టేనాటికి ఆ తప్పు పాతికేళ్లుగా బాష్‌లో ఉంది. 2016లో హెచ్‌టీటీపాక్సీ అనే పేరుతో ఇదే దారిలో ఇంకొకటి తెలిసింది. ‘ప్రాక్సీ’ అనే హెడర్ పంపితే అది పెద్దక్షరాల హెచ్‌టీటీపీ ప్రాక్సీ వేరియబుల్‌గా మారి, సర్వర్ బయటికి చేసే కాల్స్‌ను దొంగ దారికి మళ్లించేది. కాలేజీ ల్యాబుల్లో ప్రాక్సీ వెనక పనిచేసినవాళ్లకు, కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండు ఆ పేరును చిన్నక్షరాల్లోనే ఎందుకు ఒప్పుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

రహస్యాల విషయంలో నా అభిప్రాయం గత కొన్నేళ్లలో మారింది. 2011లో హెరోకూ క్లౌడ్ సంస్థ అనుభవంతో ఆడమ్ విగిన్స్ రాసిన పన్నెండు అంశాల పద్ధతి, సెట్టింగులను కోడ్‌లో కాక ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టమంది. పాస్‌వర్డులు కోడ్‌లోనే రాసుకునే రోజుల్లో అది పెద్ద మేలు. కానీ మూట స్వభావం వారసత్వం. డేటాబేస్ పాస్‌వర్డును ఎక్స్‌పోర్ట్ చేస్తే, మన ప్రోగ్రాము పిలిచే ప్రతి చిన్న పనిముట్టుకూ అది అందుతుంది. లినక్స్‌లో అదే వాడుకరి కింద నడిచే ఇంకో ప్రోగ్రాము ప్రాక్ ఫోల్డర్లోంచి దాన్ని చదువుకోవచ్చు. క్రాష్ రిపోర్టుల్లోకి, లాగుల్లోకి జారుతుంది. 2021లో కోడ్‌కవ్ సంస్థ అప్‌లోడర్ స్క్రిప్టును ఎవరో మార్చారు. దాన్ని వాడుకున్న సంస్థల బిల్డు సర్వర్లలోని వేరియబుల్స్ నెలల పాటు బయటికి పోయాయి. ఆ స్క్రిప్టు ఏ తాళమూ పగలగొట్టలేదు, తనకు అందిన మూటను చదివి పంపింది, అంతే. సెట్టింగులు ఎన్విరాన్‌మెంట్‌లో ఉండనివ్వండి. తాళంచెవులకు మాత్రం అనుమతులతో కాపాడిన ఫైలో, సీక్రెట్ స్టోరో వాడాలని ఇప్పుడు గట్టిగా అంటాను. డాట్ ఎన్వ్ ఫైలును గిట్‌లోకి ఎక్కించడమైతే ఏ పరిస్థితిలోనూ కూడదు. ఒకసారి ఎక్కాక తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది, తాళమే మార్చుకోవాలి.

తెలుగులో పనిచేసేవాళ్లకు దగ్గరగా ఉండే వేరియబుల్స్ ఇంకో జట్టు: ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ వాడాలో ప్రోగ్రాముకు చెప్పే లాంగ్, ఎల్‌సీ ఆల్. వీటి గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడుకుంటారు. తెలుగు పాఠాన్ని చదివే పైథాన్ ప్రోగ్రాము ఇంట్లో చక్కగా నడిచి, కంటైనర్లో యూనికోడ్ ఎర్రర్‌తో కూలిపోతే, అక్కడ లాంగ్ ఖాళీగా ఉందేమో ముందు చూడాలి. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ఇలాంటి చోట్ల తానే యూటీఎఫ్-8కు మారడం నేర్చుకుని చాలా మందిని ఒడ్డున పడేసింది. ఎల్‌సీ ఆల్‌కు ‘సీ’ అనే విలువ ఇచ్చి పదాలను వరుసలో పెట్టమంటే, సార్ట్ కమాండు యూనికోడ్ అంకెల వరుసలోనే పెడుతుంది. యూనికోడ్‌లో ‘ర’ పక్కన ‘ఱ’, ‘ల’ పక్కన ‘ళ’ ఉంటాయి. మన నిఘంటువుల్లో ‘ళ’ చోటు ‘హ’ తర్వాత. పదకోశాల మీద పనిచేసేవాళ్లు ఇది గమనించకపోతే పేజీలకు పేజీలు తారుమారవుతాయి.

బోధించే తీరు మారాలన్నదే నా పట్టు. మొదటి క్లాసులో ఓకే, ఓకే అని నొక్కించే బదులు పది నిమిషాలు ఒక చిన్న పని చేయించండి. టెర్మినల్ తెరిచి ‘ఊరు’ అనే అర్థం వచ్చే ఏదైనా పేరుతో ఒక వేరియబుల్ పెట్టి, దానికి తెనాలి అని విలువ ఇమ్మనండి. అందులోనే బాష్ అని కొట్టి పిల్ల షెల్ తెరిచి, ఆ పేరు అడగమనండి. ఖాళీ లైను వస్తుంది. బయటికి వచ్చి, ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ లోపలికి వెళ్లి అడిగితే తెనాలి అంటుంది. లోపల ఉండగానే విలువను వరంగల్ చేసి బయటికి వచ్చి అడగమనండి. తెనాలే ఉంటుంది. ఆ తర్వాత పక్కన రెండో టెర్మినల్ తెరిచి అడిగితే మళ్లీ ఖాళీ లైనే వస్తుంది, దీనికెందుకు తెలియదని పిల్లలే అడుగుతారు. డాట్ బాష్ ఆర్‌సీ ఫైలును వాళ్ల ముందు తెరవాల్సింది అప్పుడు.